రాజారాం ఉత్తరాల్లో ఉడకని పప్పు

మా రాకాసిపేట వాడలో రాజారాంను ఇప్పటికీ కొందరు ‘బావర్చీ’ అంటారు. కార్గిల్ యుద్ధానికి వెళ్లాడే గానీ తుపాకీ ముట్టలేదట, గరిటె తిప్పి వచ్చాడట. ఆ మాట తప్పు. తప్పని చెప్పాల్సిన బాధ్యత అందరికంటే నాకే ఎక్కువ. మొదట సరదాకు అన్నది పక్కింటి అక్తరున్నీసా అయినా, దాన్ని బోధన్ బజారు దాకా మోసింది నేనే.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం, వానలు మొదలయ్యే రోజులు. మా అరుగు మీద రోజూ పదిమంది ఆడవాళ్లం చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లం. వాడలో ఎవరికి ఉత్తరం వచ్చినా ముందు ఆ అరుగు మీదికే వచ్చేది. నేను అయిదో తరగతి చదివాను, గొంతూ పెద్దదే. నా చాట పక్కన పెట్టి చదివేదాన్ని, మిగతావాళ్లు చుడుతూ వినేవారు. నాకు తగ్గిన బీడీలు తలా కొన్ని చుట్టి నా చాటలో వేసేవారు. దుబాయి కబురైనా, నాందేడ్ నుంచి పెళ్లి సంగతైనా ఇదే పద్ధతి. ఎవరి ఉత్తరమూ ఒక్కరిది కాదు.

రాజారాం తల్లి రాధాబాయికి చదువు రాదు. భర్త చెరుకు బండ్లు తోలుతూనే పోయాడు, ఉన్నది ఒక్కడే కొడుకు. రేడియోలో యుద్ధం అనే మాట వినబడితే చాలు, ఆమె చేతిలో తునికాకు చినిగిపోయేది. ఉత్తరం వచ్చిన రోజు మాత్రం నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేది.

ఇంతకీ ఆ ఉత్తరాల్లో ఏముండేది? “అమ్మా, ఇక్కడ ఎత్తు ఎక్కువ. నీళ్లు ఎంత మరిగినా పప్పు ఉడకదు. పొద్దున పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు మిగులుతుంది. నిన్నటి పూరీలు మన తోలుచెప్పు మందం వచ్చాయి.” ఇంకో దాంట్లో డబ్బాలో వచ్చిన పైనాపిల్ ముక్కల సంగతి. మరో దాంట్లో ఖీరు అడుగంటిందని. మొత్తం తొమ్మిది ఉత్తరాలు, అన్నింటా తిండే.

“అరె అక్కా, గీ పోరడు ఫౌజుల చేరిండా, దావత్‌ల చేరిండా?” అంది అక్తరున్నీసా. “బావర్చీగ పెట్టుకున్నట్టున్నరు!”

అరుగంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది రాధాబాయే. “ఇంట్ల చాయ పెట్టరాదు నా కొడుక్కు. పొయ్యి కాడ ఉన్నడంటె సల్లగ ఉన్నట్టే” అని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

రాజారాం పదహారేళ్లు కొలువు చేసి హవల్దారుగా ఇంటికొచ్చాడు. రుద్రూర్ దారిలో రెండెకరాల చెరుకు వేసుకొని, కోతల్లో కూలీలతో పాటు తానూ కత్తి పడతాడు. ఎడమకాలు కాస్త ఈడ్చి నడుస్తాడు. కాలి మీదికి చెరుకు బండి ఎక్కి ఉంటుందని మేమంతా అనుకున్నాం, ఆయన కాదనలేదు. బావర్చీ అని పిలిస్తే పలుకుతాడు. పెళ్లిలో ఎవరైనా ఎకసెక్కానికి గరిటె చేతికిస్తే, అది పట్టుకొని బంతి చివరిదాకా వడ్డిస్తాడు. రాధాబాయి పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయేదాకా కూడా కొడుకు వంటవాడనే నమ్మింది.

మొన్న జూలైలో ఆయన కూతురు వర్ష ఉత్తరాల సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. డిచ్‌పల్లిలో చదువుతోంది. కార్గిల్ రోజున వాళ్ల కాలేజీలో సైనికుల ఉత్తరాలు ప్రదర్శనకు పెడుతున్నారని తండ్రి పేరు రాయించింది. మన వాడ పిల్లే ఒకతె, “మీ బాపు వంటల పుస్తకం తెస్తున్నవా?” అని అందరిలో నవ్విందట.

“పెద్దమ్మా, నువ్వే గదా సదివింది. మా బాపు నిజంగ వంటోడేనా? రేపు ఇయ్యాలె. లేకుంటె పేరు కొట్టేపిస్త.”

“వంటోడైతే ఏందే? వండేటోడు లేకుంటె ఫౌజు ఉపాసముండి కొట్లాడుతదా?”

“గది కాదు పెద్దమ్మా. ఉన్నదేందో ఎవ్వలు చెప్తలేరు. బాపునడిగితే నవ్వుతడు.”

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రిని చూసి తలదించుకోవాల్సి వస్తుందేమోనని దాని భయం. నాకేమో ఏ సంగతైనా సగమే తెలిస్తే అన్నం సహించదు. రాజారాంతో ఒకే పటాలంలో పనిచేసిన శివకుమార్ రుద్రూర్‌లో ఉంటాడు. పిల్లను వెంటబెట్టుకొని బస్సెక్కాను.

శివకుమార్ వాకిట్లో కూర్చొని నాటుకు చెరుకు ముక్కలు కొడుతున్నాడు. బావర్చీ అన్న మాట చెప్పగానే పగలబడి నవ్వాడు. పప్పు ఉత్తరం చేతికిస్తే పైన తేదీ చూసి నవ్వు ఆపేశాడు.

“పప్పా? అక్కా, గా వారం మేం పొయ్యి మొకం సూడలె. జేబుల శెనగలు, దూపయితె మంచు. రాజారాం తూటాల పెట్టె ఈపుకు కట్టుకొని గుట్టెక్కుతుండె. దిగేటప్పుడు ఉత్తగ దిగలె, దెబ్బ తాకినోన్ని మోసుకొచ్చిండు. గట్ల నలుగురిని.”

“ఎవలా నలుగురు?” అన్నాను, ఊరుకోలేక.

“నాలుగోన్ని నేనే. గందుకే ఇయ్యాల నీతోటి మాట్లాడుతున్న. ఆయన కాలి ఏళ్లు రెండు మంచుకే పోయినయ్, ఎరుకేనా?”

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వర్ష సంచీని ఒళ్లోంచి దించలేదు.

సాయంత్రం రాజారాం పొలం నుంచి వచ్చి నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను కూర్చోకుండానే అందుకున్నాను.

“ఏం రా రాజారాం, తొమ్మిది ఉత్తరాలు నాతోటి అబద్ధాలు సదివిపిచ్చినవ్! నీ తల్లి గట్లనే పాయె, వాడంత నిన్ను నవ్వె. ఇగో, నీ బిడ్డ పేరు కొట్టేపిస్తనంటున్నది. ఉన్నది ఉన్నట్టు ఎందుకు రాయలె? ఇయ్యాల నవ్వుడు కాదు, చెప్పు.”

ఆయన నల్లా కట్టేసి, గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“అమ్మకు అచ్చరం రాదు గని, నీ గొంతు సదువుడు మంచిగొస్తుండె అక్కా. తుపాకి అని రాస్తె నువ్వు ఆగుదువు, నువ్వాగితె ఆమె ఆగమైతుండె. నువ్వు నవ్వుకుంట సదివేటియి ఏమున్నయా అని ఎతికెతికి రాసిన. వర్షా, ఇయ్యాలనిపిస్తె ఇయ్యి బిడ్డా. గని ఎవలన్న పెద్దగ సదువుతె, గట్లనే నవ్వుకుంట సదవమను.”