అన్నయ్యకు మేం ఏమవుతాం?

తెలివైనవాడు నోరు తెరిస్తే ఇంట్లోవాళ్ళకు ఎంత ప్రమాదమో చెబుతాను. ఆ తెలివైనవాణ్ణి నేనే.

అమెరికా సైన్యం నుంచి తిరిగొచ్చాక కిరణ్ అన్నయ్య గది దాటడం మానేశాడు. చివరికి ఒక్క షరతు మీద దిగివచ్చాడు. "శనివారం మాజీ సైనికుల హాల్‌లో బ్రేక్‌ఫాస్ట్‌కి వస్తా. మనవాళ్ళెవరైనా అక్కడ వడ్డిస్తుండాలి."

వడ్డించాలంటే ఆ హాల్‌ను నడిపే సహాయక సంఘంలో సభ్యత్వం కావాలి. అది సైనికుడి దగ్గరి బంధువులకే ఇస్తారు. ఇంజనీరుని కదా, ఆప్షన్లన్నీ బేరీజు వేసి, ఇంగ్లీషు దంచేసే మా చెల్లి శ్రావ్యను ఎంపిక చేశాను. అన్నయ్య వాళ్ళమ్మ, అంటే మా పెద్దమ్మ, తోడొచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు ఊరికే కూర్చో. మాటలు నాకొదిలెయ్."

సభ్యత్వాలు చూసే కరోల్ గారు శ్రావ్యను అడిగారు. "కిరణ్ మీకేమవుతారు?"

"సొంత అన్నయ్య," అన్నాను, శ్రావ్య నోరు తెరిచేలోపే.

"అంటే మీ అమ్మగారే ఆయనకూ అమ్మ?"

"కాదు."

"నాన్నగారు?"

"వేరే."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. గది సర్వర్ రూమ్‌లా చల్లబడింది.

"మా నాన్నలు అన్నదమ్ములు, మేడమ్. వాళ్ళ నాన్న మాకు పెద్దనాన్న. ఆయనా నాన్నే."

"మీకు ఎంతమంది నాన్నలు?"

"బాబాయిలతో కలిపి నలుగురు."

శ్రావ్య నా కాలు తొక్కింది. "అన్నా, ఇంక ఆపు. ప్లీజ్."

"దాన్ని మేం కజిన్ అంటాం," అన్నారు కరోల్. "కజిన్స్‌కి సభ్యత్వం లేదు. సొంత చెల్లెలని ఎందుకు చెప్పారు?"

మమ్మల్ని దింపడానికి ఎలాగో గది దాటి వచ్చిన అన్నయ్య కారు కిటికీలోంచి కనిపిస్తోంది. ఇంజన్ ఇంకా ఆపలేదు. మేం ఒట్టిచేతులతో వెళ్తే ఆయన మళ్ళీ ఆ గదిలోకే.

"ఏమంటోందిరా ఆవిడ?" అంది పెద్దమ్మ.

"శ్రావ్య సొంత చెల్లి కాదంటోంది."

"మరెవరు కావాలట?"

అడిగాను. కరోల్ ఓపిగ్గా చెప్పారు, నేను తెలుగులో అందించాను. "భార్య, తోబుట్టువు, కూతురు, తల్లి..."

అక్కడ ఆగిపోయాను.

"కన్నది నేనే కదరా," అంది పెద్దమ్మ. "నేను పనికిరానా?"

"ఆవిడెవరు?" అన్నారు కరోల్.

"కిరణ్ వాళ్ళ అమ్మగారు."

"ఇంతసేపూ ఇక్కడే ఉన్నారా?"

"మాట్లాడొద్దని నేనే చెప్పాను, మేడమ్."

కరోల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవడానికే అని నా అనుమానం.

శనివారం అన్నయ్య వచ్చాడు. పెద్దమ్మ ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా హాలంతటికీ వడ్డించింది. చాలన్నవాళ్ళకు ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

చదువరుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పక్కనే తల్లి ఉండగా, ఆమె కొడుకు ఎవరికి ఏమవుతాడో నేనింక ఏ దేశంలోనూ వివరించను.