మోటారు వెనక నిలబడ్డ ముఖం

కోయంబత్తూరు గాంధీపురంలోని ఒక స్టూడియోలో సీనియర్ టచింగ్ ఆర్టిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. పాత ఫోటోలు బాగుచేసే విభాగం నా చేతిలో ఉండేది. ఇది ఉద్యోగంలో నా చివరి ఏడాది, తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో జరిగిన సంగతి. ఆడిలో పెళ్లిళ్లుండవు కనుక స్టూడియోలకు పాత ఫోటోల పని ఎక్కువగా వస్తుంది.

ఉడుమలైపేట పక్క పల్లె నుంచి రంగసామి గారనే రైతు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. వాళ్ల బావికి మొదటిసారి కరెంటు మోటారు బిగించిన రోజు తీసిన ఫోటో తెచ్చారు. నడుమ పూలదండ వేసుకున్న మోటారు, చుట్టూ మనుషులు. వెనక వరుసలో, సున్నం గోడకు ఆనుకుని ఆయన తల్లి. ముఖం పెసరగింజంత. ఆయనకు నడక రాకముందే ఆమె పోయింది. వేరే ఫోటో లేదు.

వాళ్లింట్లో పెళ్లికి ముందు పెద్దల పటాల ఎదుట కొత్త బట్టలు పెట్టే ఆచారం ఉంది. తండ్రి పంచె పటం ముందు, తల్లి చీర వట్టి పీట మీద. వచ్చే నెల, ఆవణిలో, మనవరాలి పెళ్లి.

“ఈ తూరి పీట వద్దు సామీ. ముఖం కావాల” అన్నారాయన.

పాత ఫోటో కాగితంలో బొమ్మంతా సన్నటి వెండి రేణువులతో ఏర్పడుతుంది. ఒక హద్దు దాటి పెంచితే ముఖం పెరగదు, రేణువులే పెరుగుతాయి. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీలను వేలమంది ఇతరుల ముఖాల నుంచి నేర్చుకున్న పోలికలతో నింపుతుంది. స్కాన్ చేసి దాన్నే వాడాను. కళ్లు వచ్చాయి, పెదవులు వచ్చాయి. చెంపలకు రెండువైపులా తెల్లగా, వెడల్పుగా ఏదో మిగిలింది. గోడ వెలుగనుకున్నాను. చిత్రకారుల కోసం రాసిన శరీర నిర్మాణ గ్రంథాన్ని లైబ్రరీలో కూర్చుని ఆసాంతం చదివినవాణ్ణి. చెవి కనుబొమ్మ దగ్గర మొదలై ముక్కు కొన దగ్గర ముగియాలి. ఆ కొలత ప్రకారం చక్కటి చెవులు అమర్చాను.

చివరి ప్రింటుకు ముందు, ఆ మనిషిని కళ్లారా చూసినవాళ్లకు నమూనా చూపించాలన్నది మా విభాగం నియమం. అలాంటివారు ఒక్కరే మిగిలారు, తల్లి చెల్లెలు కుప్పమ్మగారు. రంగసామి గారు ఆమెను స్టూడియోకు వెంటబెట్టుకొచ్చారు. తొంభై దాటినా గొంతు ఖంగుమంటోంది. నమూనాను దూరంగా పట్టుకుని చూశారు.

“ఇది ఎవురురా రంగా? సినిమాకారి మాదిరి ఉండాది. మా అక్క చెవులు యాడ?”

“ఉండాయి కదమ్మా” అన్నాను.

“ఇవా? అయ్యో సామీ! దానివి చేట మాదిరి చెవులు. గాలి కొడితే ఎగిరిపోతాదని మా నాయన నవ్వుతా ఉండె.”

రంగసామి గారు తలపాగా తీశారు. రెండు చెవులూ విచ్చుకున్న తామరాకుల్లా బయటపడ్డాయి.

“బళ్లో అందురూ ఆనచెవి, ఏనుగుచెవి అనిరి. మా నాయన పక్క ఎవురికీ లేవు. ఇవి యాడనుంచి వచ్చెనో అనుకొంటా ఉంటి. నువ్వు చెప్పలేదే చిన్నమ్మా!”

“నువ్వు అడిగితివా? ఎప్పుడు చూసినా తలకు గుడ్డ!”

ముగ్గురం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

సాఫ్ట్‌వేర్ వేసిన పొర తీసేశాను. అసలు ఫోటోకు పక్కనుంచి దీపం పెట్టి భూతద్దంతో చూస్తే, గోడ తెలుపుకూ చెంపల పక్కనున్న తెలుపుకూ మధ్య వెంట్రుకవాసి నీడగీత ఉంది, చెవుల అంచు. ఆ గీతను మాత్రమే బలపరిచాను. ముఖాన్ని మరీ పెంచలేదు, రేణువులు చెరపలేదు. కొత్త ప్రింటు చూసి కుప్పమ్మగారు దాన్ని వేలితో పొడిచారు.

“ఏమే అక్కా, ఇన్నాళ్లు యాడ దాక్కొంటివి?”

రంగసామి గారు తలపాగా చంకలో పెట్టుకునే బస్సెక్కారు.

తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లందరినీ వేరే ప్రశ్న అడిగాను. మనిషి ఎలా ఉండేదంటే అందరూ లక్షణంగా ఉండేదంటారు. దానితో పని జరగదు. ఇంట్లో ఏమని వెక్కిరించేవారని అడగాలి. అప్పుడు ముఖం దొరుకుతుంది.