నలభై సెకన్ల పెళ్ళి

మా మామ పోయాడని హోసూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట, "నువ్వు చూసినావా?"

అవతల ఉన్నది మా అత్త తమ్ముడు. "చూడకుండానే చెప్తారా అప్పా ఇట్లాంటివి?" అన్నాడు. మామ టీ తాగుతూ ఉండగానే గుండె ఆగిపోయిందట. ఆ ప్రశ్న వేసినందుకు మా అమ్మ నన్ను ఇంకా క్షమించలేదు. కానీ పాఠకులారా, ఆ ప్రశ్న నాది కాదు, మామది. ఆయన నాకు నేర్పిన ఒకే ఒక విద్య అది. దాన్ని ఆయన చావు మీదే ప్రయోగిస్తానని ఆయనా అనుకుని ఉండడు, నేనూ అనుకోలేదు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. హోసూరు బస్టాండు దగ్గర ఒక మేడ మీద ఆయన పెళ్ళి వీడియోల షాపు. చనిపోయిన మర్నాడు, ఊళ్ళో గోడలకు అంటించే పోస్టరు కోసం ప్రెస్సుకు వెళితే, వయసు ఎంత వెయ్యాలని అడిగారు. రేషన్ కార్డులో నలభై తొమ్మిది. ఓటరు కార్డులో యాభై ఆరు. మా అమ్మ లెక్కలో, తన పెళ్ళిలో వాడు నిక్కరుతో తిరిగాడు కాబట్టి, యాభై రెండు దాటడానికి వీల్లేదు. ఇంత గందరగోళం ఎందుకు, మామనే అడుగుదామని నేను సెల్ తీశాను. తీసి, ప్రెస్సు మెట్ల మీద కూర్చుండిపోయాను. పోస్టరు వయసు లేకుండానే వేశారు.

తొంభైల్లో మామ భుజం మీద పెద్ద కెమెరా పెట్టుకుని పెళ్ళిళ్ళు తీసేవాడు. ఆ తర్వాత కంప్యూటరు కొన్నాడు. నేను కృష్ణగిరిలో కంప్యూటర్ డిగ్రీ చదువుతున్న రోజులు. శనివారం బస్సెక్కి వచ్చి, షాపులో పెద్ద కుర్చీలో కూర్చుని, నాలుగు సెమిస్టర్ల జ్ఞానాన్ని ఆయనకు ధారాదత్తం చేసేవాణ్ణి. వీడియో ముక్కలన్నిటినీ ఒకే ఆదేశంతో ఒక ఫైలుగా అతికించడం నేర్పింది నేనే. వినయంగా మనవి చేసుకుంటున్నాను, ఈ కథలో తప్పంతా అక్కడే మొదలైంది.

మామకు రెండు అలవాట్లు. ఏ పెళ్ళి వీడియోకైనా ముందు వినాయకుడి బొమ్మ పెట్టేవాడు. సంగీతం ఉండదు, మాట ఉండదు, నలభై సెకన్లు వినాయకుడు మౌనంగా మనల్ని చూస్తాడు. రెండోది, తయారైన వీడియోను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసేవాడు. చేతి వాచీ చూస్తూ, ఎన్నో నిమిషంలో ఏముందో పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో రాసుకునేవాడు. ఆ వాచీ గంటకు రెండు నిమిషాలు ముందుకు పరిగెత్తేది.

"మామా, తప్పు వాచీతో ఒప్పు లెక్కలా?" అని ఎగతాళి చేశాను ఒకసారి.

"ఇది ఎంత అబద్ధం చెప్తుందో నాకు తెలుసు కదప్పా. తెలిసిన అబద్ధంతో ఏం ఇబ్బంది లేదు."

నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను. డిగ్రీలో అది కూడా నేర్పుతారు.

ఒక శనివారం మామ కావేరిపట్టణంలో పెళ్ళికి పోయి ఉండగా, బేరిగై నుంచి ఒక అక్క సంచీ నిండా టమోటాలతో మెట్లెక్కి వచ్చింది.

"అన్న లేడా?"

"పెండ్లికి పోయినాడక్కా. ఏం కావాలో నాకు చెప్పు."

"నా పెండ్లి వీడియో. పోయినేడు క్యాసెట్టుకు బూజు పట్టిందని అన్న కంప్యూటర్లోకి ఎక్కించినాడు. మాయమ్మ నలుగు పాట పాడింటుంది దాంట్లో. ఆయమ్మ పోయి మూడేండ్లాయె. వచ్చే వారం నా కూతురి పెండ్లి. నలుగప్పుడు ఆ పాట పెట్టాల. మాకెవురికీ అది పూర్తిగా రాదప్పా."

క్యాసెట్టును అప్పుడే పారేశారు. ఉన్నది ఈ ఫైలు ఒక్కటే. వీడియో వివరాలు చెప్పే సాఫ్ట్‌వేర్‌లో వేశాను. నిడివి నలభై సెకన్లు, శబ్దం లేదు అంది. ఇంకో దాంట్లో వేశాను. నలభై ఏడు గంటలు అంది. మూడోది అసలు ఇది వీడియోనే కాదంది. నాకు తల తిరిగింది. మూడింటిలో మొదటిది వివరాలను చక్కగా గళ్ళు గీసి చూపించింది కాబట్టి, దాన్ని నమ్మాను.

"అక్కా, నలభై సెకన్లే మిగిలింది. దాంట్లో సౌండు కూడా లేదు."

"మూడు దినాల పెండ్లి, నలభై సెకన్లా?"

"కంప్యూటర్ అట్లే చెప్తా ఉంది."

ఆమె కంప్యూటరు వైపు చూసింది, నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము తినేసిన బంధువు వైపు చూసినట్టు. టమోటాలు బల్ల మీద పెట్టి దిగి వెళ్ళిపోయింది. పనికిరాని ఫైలు కదా అని నేను దాన్ని తీసెయ్యబోతుంటే కరెంటు పోయింది. ఆ కరెంటు కోతకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

మామ వచ్చి టమోటాలు చూశాడు. "బేరిగై పాప వచ్చిందా?" అన్నాడు. జరిగింది చెప్పాను.

"నువ్వు చూసినావా?"

"మూడు సాఫ్ట్‌వేర్లలో వేసినా మామా..."

"అవి ఏం చూసినాయో నేను అడగలేదు. నువ్వు చూసినావా?"

చూడలేదు. అంత చదువూ చదివిన నాకు, వీడియోను చూడవచ్చు అన్న ఆలోచనే రాలేదు.

కరెంటు వచ్చాక మామ ఫైలు తెరిచాడు. వినాయకుడు. నలభై సెకన్లకు తెర కింద జరిగే గీత చివరికి వచ్చి ఆగిపోయింది. అయిపోయింది కదా అని మౌసు మీదికి చెయ్యి చాపాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండప్పా. సామి పోనీ."

సామి పోయాడు. నాదస్వరం మోగింది. గీత అక్కడే ఆగి ఉంది, పెళ్ళి మాత్రం నడుస్తూనే ఉంది. సాఫ్ట్‌వేర్ అతికించిన ముక్కల్లో మొదటిదాన్ని మాత్రమే చూసి, పెళ్ళంతా నలభై సెకన్లనీ, మూగదనీ తేల్చేసిందన్న మాట. నలభై ఏడు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

గంటన్నర దాటాక నలుగు వచ్చింది. పాట ఉంది, మొత్తం ఉంది. కానీ కెమెరా పెళ్ళికూతురి మీదే ఉంది. పాడుతున్న మనిషి లేదు. పక్క నుంచి వచ్చి పసుపు రాస్తున్న ఒక చెయ్యి, ఆకుపచ్చ గాజులు, గొంతు. అంతే.

"ఇది ఆయమ్మేనా మామా?"

"మనకేం తెలుస్తుంది? బిడ్డకు తెలుస్తుంది. పద. లేదన్నోడివి నువ్వు, ఉందని చెప్పేదీ నువ్వే."

మోపెడ్ మీద బేరిగై పోయాం. ఆమె వాకిట్లోనే నిలబెట్టి అడిగింది. "పొద్దున లేదన్యావు. ఇప్పుడు యాడనుంచి వచ్చిందప్పా?"

"ముందు నుంచీ ఆడనే ఉండిందక్కా. నేనే చూడలేదు."

నవ్వుతుందో తిడుతుందో తెలియక నేను మామ వెనక్కి జరిగాను. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. "పొద్దున్నుంచీ పాడుకుంటా ఉండా. రెండు వరసలకే ఆగిపోతా ఉంది," అంది.

పెళ్ళి వారంలో నలుగు రోజున వాళ్ళ వాకిట్లోకి టీవీ తెచ్చి పెట్టారు. పాట మొదలవగానే ఆమె తెర దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"చిటికెన వేలు చూడండి. కొడవలి తగిలి వంకర పోయింది. మాయమ్మే."

ఇక అక్కడ ఎవరూ ఆగలేదు. తెర లోపలి గొంతు ఒక వరస పాడితే, వాకిట్లోని ఆడవాళ్ళంతా దాన్ని తిరిగి పాడారు. మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారికి పెళ్ళికూతురు కూడా పాడింది. నలుగు అయ్యాక అక్క గిన్నెలో మిగిలిన పసుపు వేళ్ళతో తీసుకుని, స్తంభం దగ్గర నిలబడ్డ మామ చెంపకు నిండా రాసేసింది.

"అయ్యో, నాకెందుకమ్మా!"

"ఉండన్నా, కదలొద్దు."

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. మామ కదలలేదు.

తిరుగు దారిలో వెనక కూర్చుని, "మామా, చెంపకు పసుపు ఉంది," అన్నాను. "తెలుసు," అన్నాడు. హోసూరు వచ్చింది. టీ కొట్టు దగ్గర ఎవరో ఈల వేశారు. సిగ్నల్ దగ్గర పక్క బండి మీద ఒక చిన్న పాప మామను వేలెత్తి చూపించి వాళ్ళ నాన్న చొక్కా లాగింది. మామ ఆ పాపకు బాగా కనబడేటట్టు ముఖం అటు తిప్పి కూర్చున్నాడు, ఎండకు చెంప పచ్చగా మెరుస్తూ, లైటు మారేదాకా.