రాజలింగం నోటుబుక్కు

పదకొండేళ్లుగా ఎవరైనా నన్ను మెచ్చుకుంటే భయమేస్తుంది. మీరు నమ్మరేమో. సభలో నా పేరు చదివి చప్పట్లు కొడుతుంటే తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. కాదు, దొరికిపోతానన్న భయం. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు కనిపించదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆధునిక తెలుగు రచయితల మీద నా పేరుతో పన్నెండు వ్యాసాలు వచ్చాయి. తర్వాత పుస్తకమయ్యాయి. ఎవరు గొప్ప, ఎందుకు గొప్ప అన్న మాట వస్తే ఆ పుస్తకం చూపించేవాళ్లున్నారు. ఆ పన్నెండుమంది పేర్లు ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ వాళ్ల చాటున దాక్కుంటాను.

సూరత్‌లో నేను బ్యాంకు ఉద్యోగిని. ఖాతా తెరవడానికి వచ్చాడు రాజలింగం. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మనిషి. నలభై దాటి ఉంటాయి. ఫారం నింపుతూ నా బల్ల మీద తెలుగు పుస్తకం చూశాడు. చేయి చొక్కాకు తుడుచుకుని ముట్టుకున్నాడు. "ఇస్తరా మేడం? ఐతారం తెచ్చిస్త" అన్నాడు. ఇచ్చాను. తెచ్చాడు. ఆ తర్వాత నాలుగేళ్లు, ప్రతి ఆదివారం తను ఉండే పర్వత్ పాటియా పేట నుంచి మా క్వార్టర్సుకు వచ్చి ఒక పుస్తకం ఇచ్చి ఇంకోటి పట్టుకెళ్లేవాడు. నేను కూర్చోబెట్టి టీ ఇచ్చేదాన్ని. చూశారా, ఇప్పుడు కూడా నా మంచితనమే చెప్పుకుంటున్నాను.

నేను చాలా చదివాను. కానీ ఏది గొప్పదో నా అంతట నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. పెద్దలు గొప్పదన్నదాన్ని గొప్పదనేదాన్ని. అతనికి అలా చెప్పే పెద్దలెవరూ లేరు. షెడ్డులో సాంచాలన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కవాడి అరుపు కూడా వినపడదట. ఆ చప్పుడులో నిలబడి, ముందురోజు చదివింది తలచుకునేవాడు. ఏ వాక్యం చప్పుడును దాటుకుని గుర్తొస్తే అది రాసినవాళ్లను తన నోటుబుక్కులో ఎక్కించేవాడు. గుర్తురాకపోతే ఎంత పేరున్నవాళ్లనైనా కొట్టేసేవాడు. ఒక పెద్దాయనను మూడుసార్లు ఎక్కించి మూడుసార్లూ కొట్టేశాడు. ఒక్కొక్కరి మీద ఐదారు పేజీలు, పెన్సిలుతో. ఒక రచయిత్రి గురించి, "ఈమె కథల ఆకలి అని ఏడ రాయలె. కని చదివినంక నాకు అన్నం తిన బుద్ధి కాలె" అని రాశాడు. అది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్లు చదివి నేను అనలేకపోయిన మాట.

నోటుబుక్కు నాకు తనే ఇచ్చాడు. "తప్పులుంటె దిద్దుండ్రి మేడం. నవ్వకుండ్రి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక పత్రికవాళ్లు నన్ను వ్యాసం అడిగారు. నా దగ్గర చెప్పడానికేమీ లేదు. నోటుబుక్కు తెరిచాను. అతని యాసను పుస్తక భాషలోకి మార్చాను. సాంచాల చప్పుడు ఉన్నచోట రైలు చప్పుడు పెట్టాను. కింద నా పేరు రాశాను. దిద్దుతున్నాననే అనుకున్నానా? లేదు. పేరు రాసేముందు లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాను. తెలియక చేసేవాళ్లు గడియ పెట్టుకోరు కదా.

ఐదో వ్యాసం వచ్చాక ఒక ఆదివారం అతను పత్రికలు చేత్తో పట్టుకుని వచ్చాడు. తెలుగు సమాజం గదిలో దొరికాయట. బల్ల మీద తెరిచి పెట్టాడు. ముఖంలో కోపం లేదు. సంబరం ఉంది. ఇప్పటికీ నన్ను పొడిచేది ఆ సంబరమే.

"మేడం, ఇవి నేను రాసినయే గద? అచ్చుల ఎంత మంచిగ కనవడ్తున్నయి! జర నా పేరు గుడ ఏస్తరేమో అడుగుదమని వచ్చిన."

మా అమ్మాయి పక్కగదిలో ఉంది. వింటోందనిపించింది.

"నువ్వు రాసినవా?" అన్నాను.

"నా బుక్కుల ఉన్నయి గద మేడం."

"నువ్వు చదివిన పుస్తకాలెవరివి? నేనివ్వకపోతే నీకు ఈ రచయితల పేర్లయినా తెలిసేవా? నాలుగు పుస్తకాలు అరువిస్తే రచయితవైపోతావా?"

నాలుగేళ్లుగా 'మీరు' అంటున్న మనిషిని ఆ రోజు 'నువ్వు' అన్నాను. అతను బల్ల మీది పత్రికలు మూసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

"గంతేనా మేడం," అన్నాడు.

చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నోటుబుక్కు అడగలేదు. నేనూ ఇవ్వలేదు. అక్కడైనా ఆగాల్సింది. మిగతా ఏడు వ్యాసాలు ఆ తర్వాతే రాశాను.

రెండేళ్లకు అతనితో ఒకే గదిలో ఉన్న మనిషి బ్యాంకుకు వచ్చాడు. రాజలింగం ఊపిరితిత్తులు చెడి ఊరికి పోయాడని, అక్కడే చనిపోయాడని చెప్పాడు. చదువుతుండేవాడా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. ఔనంటాడని ఆశేమో.

"ఏడ మేడం. బుక్కుల ముచ్చట తీస్తే లేసి బయటికి పోతుండె."

అతను రాసినవి మాత్రమే తీసుకుని ఉంటే, మళ్లీ రాసుకునేవాడేమో. చదివి నిర్ణయించడం తనలాంటివాడి పని కాదని నేను నమ్మించాను. అతనిలో ఉన్న అంత గట్టి చదువరి ఆ మధ్యాహ్నం మా హాలులోనే పోయాడు.

పోయిన నెల పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది. మీ పన్నెండుమందికి కొత్తవాళ్లలో ఇంకొకరిని చేర్చాలంటే ఎవరిని చేరుస్తారు మేడం, అని అడిగింది. వారం గడువు అడిగాను. బీరువాలో పుస్తకాలన్నీ కింద పరిచి కూర్చున్నాను. ఒక్క పేరూ తేలలేదు. నోటుబుక్కు అయిపోయిన చోటే నా అభిప్రాయాలూ అయిపోయాయి.

పుస్తకం వేసినాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.  "ఇప్పుడెందుకండీ? ఆయన లేడు కదా, ఎవరికి నష్టం?" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగా వినిపించింది. రెండు రోజులు ఆ హాయిలోనే ఉన్నాను. మూడో రోజు ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆ పన్నెండు వ్యాసాలు రాజలింగం రాసినవి. నేను దొంగిలించాను. అడగడానికి వస్తే అవమానించి పంపాను. ఈ కాగితం కింద నా పేరు పెట్టే ధైర్యం ఇవాళ్టికీ రాలేదు. అతని పేరు మాత్రం పైన పెట్టగలిగాను. రాశాక లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. కొంచెం తేలికగా ఉంది. ఉండకూడదేమో. అయినా ఉంది.