సువాసన గడిలో ఖాళీ

ఆ ఒక్క ఉదయం పోయినవి ఇవి. కాడ ఉన్న గాజు గ్లాసులు రెండు. తెల్లకోటు ఒకటి, ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు. బెంగళూరు నుంచి వచ్చిన జడ్జిగారి పట్టు టై ఒకటి. నా క్యాలిక్యులేటర్‌లో ఏడు మీట. మిగతా మీటలు పనిచేశాయి గనుక క్యాలిక్యులేటర్‌ను పూర్తి నష్టంగా రాయలేదు. బీరు సుమారు లీటరున్నర. ఇందులో కడుపులోకి పోయినది కలపలేదు, కాలరులోకి పోయినది కలిపాను.

ఇదంతా ఒక పీపాకు మార్కులు వేయబోతే జరిగింది.

కంపెనీ చేతులు మారి నేను ముందస్తు విరమణ తీసుకోవడానికి మూడేళ్ల ముందు, ఒక మే నెలలో, నన్ను స్టోర్సు నుంచి రుచి పరీక్షల గదికి మార్చారు. బోయిన్‌పల్లి మార్కెట్ వెనక మాది చిన్న బీరు ఫ్యాక్టరీ. కొత్త హోదా ట్యాబ్యులేటర్. జడ్జీలు వేసిన మార్కులు కూడి, సగటు తీసి, కింద సంతకం పెట్టడం పని. నేను బీరు తాగను. కూడికలకు అది అడ్డం కాదని మేనేజర్ ఫణి గారు అన్నారు. సగటులూ తేడాలూ నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. స్టోర్సులో సీసాల మూతలు లెక్కపెడుతూ పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. మూతలు అబద్ధం చెప్పవు. జడ్జీల సంగతి తరవాత తెలిసింది.

పరీక్షకు వచ్చేది సోర్ బీరు, అంటే పుల్లటి బీరు. మామూలు బీరు వారాల్లో తయారవుతుంది. దీన్ని మాత్రం వైను దించేసిన పాత కొయ్య పీపాల్లో నింపి, పాలను తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులను, కొంత అడవి ఈస్టును వదిలి, ఏడాదో అంతకంటే ఎక్కువో ఉంచుతారు. అది తీరిగ్గా పులుస్తుంది. మధ్యలో కొన్నాళ్లు భరించలేని వాసన వేస్తుంది. ఆ వాసన పోతుందా, ఉండిపోతుందా అన్నదే ఈ వృత్తిలో జూదం.

పీపాలు పెట్టించింది స్వరూప, మా బ్రూవర్. ఏ.ఎస్. రావు నగర్ నుంచి స్కూటీ మీద వచ్చేది. రాగానే ఎవరినీ పలకరించకముందే పీపాల మీద చెవి ఆనించి వినేది. నింపినవి మూడు. మొదటి రెండూ పరీక్షలో తప్పి కాలవ పాలయ్యాయి. మూడోది కూడా తప్పితే పీపాల గది ఖాళీ చేసి అక్కడ గోధుమ బీరు ట్యాంకు పెడతామని యజమాని చెప్పేశారు. కాబట్టి ఆ రోజు పరీక్ష మూడో పీపాకే అని కాగితం మీద ఉన్నా, నిజానికి స్వరూప పనికి.

పద్ధతి ఇది. పీపా ముఖాన స్టీలు మేకు ఒకటి ఉంటుంది. అది లాగితే సన్నటి ధార వస్తుంది, పట్టుకుని మళ్లీ మేకు కొడతారు. జడ్జీలు అయిదుగురు. మధ్యాహ్న భోజనానికి ముందే కూర్చోవాలి. అత్తరు, జర్దా, ఉల్లిపాయ నిషిద్ధం. మార్కెట్లో కుళ్లిన క్యాబేజీ ఎత్తే వేళ కిటికీలు మూయాలి. మార్కులు యాభై: సువాసనకు పన్నెండు, రూపానికి మూడు, రుచికి ఇరవై, నోటికి ఆనే తీరుకు అయిదు, మొత్తం అభిప్రాయానికి పది. సగటు ముప్ఫై వస్తే సీసాల్లోకి, రాకపోతే కాలవలోకి. ఏ ఇద్దరి మధ్యనైనా ఏడు మార్కులకు మించి తేడా వస్తే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఆ రోజు అయిదో జడ్జి రాలేదు. ఆయన స్థానంలో యజమాని తమ బావగారిని పంపారు. ఈశ్వరయ్య సేఠ్, మోండా మార్కెట్‌లో చింతపండు టోకు వ్యాపారి. పులుపు గురించి ఆయన కంటే ఎవరికి తెలుస్తుందన్నది యజమాని ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. తప్పల్లా గ్లాసు దగ్గర వచ్చింది.

సేఠ్‌కు ఎంగిలి పట్టింపు. నలుగురు తాగిన గ్లాసుకు మూతి ఆనించరు. గ్లాసులు మరిగే నీళ్లలో కడిగినవని స్వరూప చెప్పింది.

"కడిగిండ్రంటవు బిడ్డా, కడిగినంత మాత్రాన ఎంగిలి ఎంగిలి కాకుంట పోతదా?" అని, గ్లాసు జానెడు ఎత్తు లేపి, తల వెనక్కి వాల్చి, ఒక్క చుక్క కింద పడకుండా పోసుకున్నారు. చూడముచ్చటగా ఉంది. యజమాని బావగారు గనుక ఫణి గారు మెచ్చుకోలుగా తల ఊపారు. బెంగళూరు జడ్జిగారు మాత్రం పెన్ను కింద పెట్టేశారు. ఆయన పరీక్షలు రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న జడ్జి. గ్లాసులో ముక్కు పెట్టి, మూడు పొట్టి శ్వాసలు, ఒక పొడుగు శ్వాస తీసి, అప్పుడు గానీ గుక్క వేయరు.

మార్కులు నా దగ్గరికి వచ్చాయి. ఇరవై ఒకటి, పందొమ్మిది, ఇరవై మూడు, ఇరవై రెండు. నలుగురికీ వాసన దగ్గరే దెబ్బ కొట్టింది. మా దగ్గరున్న వాసనల జాబితాలో దీనికి సరిపోయే మాట 'గుర్రం మీద కప్పిన దుప్పటి'. సికింద్రాబాదులో ఆ దుప్పటి వాసన చూసినవాళ్లెవరు? అందుకని ఒకరు 'తడి గోనె' అని రాశారు. జడ్జీల్లో ఒకడైన ల్యాబు కుర్రాయన 'మా బామ్మర్ది హెల్మెట్' అని రాసి, రుజువు కావాలంటే తెస్తానన్నాడు.

అయిదో కాగితం సేఠ్‌ది. నలభై ఏడు. సువాసనకే పదకొండు.

పందొమ్మిదికీ నలభై ఏడుకీ తేడా ఇరవై ఎనిమిది. నిబంధన ప్రకారం అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాను. వాసనే చూడకుండా పదకొండు ఎలా వేశారని బెంగళూరు జడ్జిగారు మర్యాదగానే అడిగారు.

"నోట్లె పడ్డంక ముక్కుకు తెల్వదా సారూ? ఒకటే ఇల్లు గదా. ముంగట దర్వాజనుంచి పోతే ఏంది, ఎనక దర్వాజనుంచి పోతే ఏంది?"

వెనక గుమ్మంలోంచి తెలిసేది రుచి ఖాతాలోకి వస్తుందని, సువాసన అంటే గ్లాసు నుంచి నేరుగా చూసేదేనని జడ్జిగారు వివరించారు. పైనుంచి పోసుకుంటే అసలు వాసనే తగలదన్నారు.

"ఒక్కపారి పోస్కోని చూసి చెప్పు. చూడకుంటనే చెప్తే ఎట్ల?"

ఫణి గారికి యజమాని ముఖం గుర్తొచ్చినట్టుంది. పరీక్షించడంలో తప్పు లేదు, అందరం చేద్దామన్నారు. నిబంధనల్లో ఎక్కడా వద్దని లేదు. నేను వెతికాను.

చదువుకున్న నలుగురు పెద్దమనుషులు తెల్లకోట్లలో వరసగా నిలబడి, తలలు వెనక్కి వాల్చి, పుల్లటి బీరు ఎత్తిపోసుకోవడం ఆ గదిలో అదే మొదటిసారి, చివరిసారి. ఒకాయన గడ్డం మీద పోసుకున్నాడు. ల్యాబు కుర్రాయన కోటు జేబులో పోసుకున్నాడు. బెంగళూరు జడ్జిగారు సూటిగానే పోసుకున్నారు గానీ మింగాలా, పీల్చాలా అన్నది తేల్చుకోలేకపోయారు. దగ్గు వచ్చింది. బీరు ముక్కులోంచి వచ్చి టై మీద, నా క్యాలిక్యులేటర్ మీద పడింది. గ్లాసులు చేతుల్లోంచి జారాయి. స్వరూప తువ్వాలు కోసం పరుగెత్తింది. సేఠ్ ఆయన వీపు తడుతూ, "ఇప్పుడొచ్చిందా వాసన?" అని అడిగారు.

వచ్చిందని జడ్జిగారు ఒప్పుకోవలసి వచ్చింది. నిబంధనలు ఊహించిన దానికంటే చాలా దగ్గర నుంచి వచ్చింది. మార్కు మాత్రం మార్చలేదు.

చివరికి మిగిలిన దారి ఒకటే. సేఠ్ ఒక్కసారి గ్లాసులో ముక్కు పెట్టి చూడాలి. స్వరూప కొత్త గ్లాసు, అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినది, తెచ్చి ముందు పెట్టింది. దాన్ని పెట్టెలో పెట్టినవాడు ఊది తుడిచి ఉంటాడని సేఠ్ అనుమానం.

"మూతే పెట్టనోన్ని, ముక్కు పెడ్తనా?" అన్నారు.

కానీ మనిషి వ్యాపారంలో నిక్కచ్చి. చూడని సరుకుకు ధర కట్టనని, పెన్ను తీసుకుని పదకొండును కొట్టేశారు. ఆ గడి ఖాళీగా వదిలారు. మిగతా గడులు కూడితే ముప్ఫై ఆరు.

ఫణి గారు ఆ గడిలో సున్న వేసి ముగించమన్నారు. వేయనన్నాను. సున్న అంటే చూశాడు, ఏమీ బాగాలేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. రెండింటికీ ఒకే గుర్తు పెడితే రేపు నా సంతకానికి అర్థం ఉండదు.

"లింగం గారూ, పన్నెండుకు పన్నెండు వేసినా సగటు ముప్ఫై రాదు కదా!" అన్నారు.

నిజమే. సున్న వేస్తే ఇరవై నాలుగు పాయింట్ రెండు. పన్నెండు వేస్తే ఇరవై ఆరు పాయింట్ ఆరు. ఏడు మీట పనిచేయకపోయినా అంతవరకు తేల్చాను. ఏ అంకె వేసినా పీపా తప్పుతుంది. కానీ ఏదో ఒక అంకె ఉండాలి. పీపా పారబోయాలంటే అయిదు కాగితాలూ పూర్తి కావాలని, సీసాలకెత్తడానికి నాలుగు చాలని మా నియమావళిలో ఉంది. అది రాసినవాళ్లు పారబోయడానికి భయపడేవాళ్లు అయి ఉంటారు. పేజీ తీసి చూపించాను.

"అంటే సార్, పీపా?" అని స్వరూప అడిగింది. చేతిలో తువ్వాలు అలాగే ఉంది.

కాగితం పూర్తయ్యేదాకా ఉన్నచోటే ఉంటుందని చెప్పాను. ఆమె వెళ్లి మేకును ఇంకో రెండు దెబ్బలు గట్టిగా కొట్టింది.

ఫణి గారు సేఠ్ దుకాణానికి మూడుసార్లు మనిషిని పంపారు. ప్రతిసారీ అరకిలో చింతపండు వచ్చింది గానీ అంకె రాలేదు. ఈలోగా వానలు పోయి చలికాలం వచ్చింది. పీపా తన పని తాను చేసుకుంది. మళ్లీ ఎండలు ముదరకముందే కొత్తగా పరీక్ష పెట్టించాం. గోనె వాసన పోయి, ఎండిన నేరేడుపండు వాసన మిగిలిందని జడ్జీలు రాశారు. హెల్మెట్ మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగు కాగితాల సగటు ముప్ఫై ఎనిమిది. స్వరూప ఆ వారమే ఇంకో నాలుగు పీపాలకు ఆర్డరు పెట్టింది. గోధుమ బీరు ట్యాంకు మాట ఆగిపోయింది.

ఆ ఉదయం నాకు నేర్పింది ఇంతే. తెలియనిదాన్ని సున్న అని రాయకూడదు. రాయకుండా ఆగితే కొన్నిసార్లు లెక్క తనంతట తానే మారుతుంది. మారకపోయినా లెక్కలో అబద్ధం మాత్రం ఉండదు.

విరమణ తరవాత మోండా మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా సేఠ్‌ను అడుగుతున్నాను. మొన్న కూడా అడిగాను.

"ఆ పీపా ఏడ ఉన్నదిప్పుడు?" అన్నారు.

"లేదు సేఠ్, ఎప్పుడో తాగేసిండ్రు."

"మరి ఇంక అంకెతోటి ఏం పనయ్యా నీకు?"

పని ఉంది. మొదటి పరీక్ష కాగితాల్లో నాలుగు పూర్తి, ఒకటి అసంపూర్తి. ఈశ్వరయ్య సేఠ్ నుంచి నేటికీ రావలసినది: సువాసన గడికి ఒక అంకె, పన్నెండుకు మించనిది.