‘వాళ్ళు’ అనే మాట లేని పాఠం

మా సోషల్ సార్ పోయారని హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసేసరికి నేను హోసూరు రోడ్డు మీద బస్సులో ఉన్నాను. నిద్రలోనే పోయారట. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం. బొమ్మనహళ్ళి స్టాపులో దిగి, బడికి వెళ్ళాలో సార్ ఇంటికి వెళ్ళాలో తేలక అక్కడే అటూ ఇటూ తిరిగాను. ఇది రాస్తున్నప్పుడూ కుదురు లేదు. ఊరికే లేచి వంటింట్లోకి వెళ్ళొస్తున్నాను.

అనంతపురం వైపు నుంచి తాతల కాలంలో బెంగళూరు చేరిన కుటుంబం వారిది. ముస్లింలు, కానీ ఇంట్లో మాట తెలుగు. మా బడి పిల్లలకు ఇదే పెద్ద వింత. ఒక ఏడాది, ఆయన ఏడో తరగతికి ఇస్లాం పాఠం మొదలుపెట్టిన రోజున, పక్క గదిలో సైన్సు చెబుతూ గోడ అవతలి మాటలు విన్నాను.

“సార్, మీ ఇంట్లో దినామూ బిరియానీనేనా?” అంది ఒక పిల్ల.

“నిన్న సంగటి, చెనిక్కాయల చట్నీ. మీ ఇంట్లో దినామూ పులిహోరేనా?”

నవ్వులు ఆగకముందే ఒక ముస్లిం పిల్లవాడు అడిగాడు. “సార్, మీకు ఉర్దూ సరిగ్గా రాదు కదా. మీరు నిజంగా ముస్లిమేనా?”

“నమాజు చేస్తా, రోజా ఉంటా. నా మనసులో మాట తెలుగులో అడుక్కుంటా. అల్లాకు అర్థం కాదంటావా అప్పా?”

ఆయన పాఠంలో రాజులూ యుద్ధాలూ తర్వాతెప్పుడో వచ్చేవి. ముందు ఒక ఇల్లు నిద్ర లేచేది. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ఎలా కడుక్కుంటారు, సలాం అంటే ఏమని కోరుకోవడం, పండుగనాడు పక్కింటికి ఏం పంపుతారు, ఇవే. క్లాసులోని ముస్లిం పిల్లలను మాత్రం ఎప్పుడూ లేపి అడిగేవారు కాదు. ఎందుకని అడిగాను.

“ఏ పిల్లయినా లెక్కలు చేసుకోవాల, ఆడుకోవాల. మతానికంతా జవాబు చెప్పే బరువు దానికి ఏలమ్మా?” అన్నారు. “ఇంకోటి. ‘వాళ్ళు ఇట్ల చేస్తారు’ అని మొదలుపెడితే పాఠం అక్కడే చెడిపోతాది. ఆ వాళ్ళలో ఒకడు మన ముందరే కూర్చోనుంటాడు.”

రంజాన్‌లో ఆయన ఉపవాసమని మేం టీ తాగడానికి మొహమాటపడితే వచ్చి మా మధ్యనే కూర్చునేవారు. “సుమ్నే, ఊరికే తాగండమ్మా. రోజా నాది, మీది కాదు.”

కిందటేడు ఆ పాఠం మీద ఇద్దరు తండ్రులు ఒకేరోజు ఫిర్యాదుకు వచ్చారు. నమాజు గురించి మా పిల్లలకెందుకని ఒక హిందూ తండ్రి. ఈయన చెప్పే ఇస్లాం సరైనది కాదని ఒక ముస్లిం తండ్రి. పుస్తకం చదివించి ముగించమన్నారు హెడ్‌మిస్ట్రెస్. సార్ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నారు.

“పోనీ, వదిలేయండి సార్,” అన్నాను.

“వదిలేస్తే పిల్లోల్లు రోడ్డు మీద నేర్చుకుంటారమ్మా. ఆడ సార్ ఉండడు.”

హెడ్‌మిస్ట్రెస్‌ను ఒప్పించి, మర్నాడు ఆ ఇద్దరినీ వెనక బెంచీలో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. “కొన్ని ఇండ్లల్లో దర్గాకు పోతారు, కొన్ని ఇండ్లల్లో పోరు. నాకు బాగా తెలిసింది మా ఇల్లు,” అన్నారు. ఒక తండ్రి సగంలోనే లేచి వెళ్ళి, తర్వాత కొడుకును బడి మాన్పించాడు. ఎవరన్నది ఇక్కడ అనవసరం. రెండో ఆయన గంట కొట్టేదాకా కూర్చున్నాడు. సార్ దాన్ని గెలుపనుకోలేదు. “ఆ పిల్లోడు ఏ బళ్ళో ఉండాడో తెలిసిందామ్మా?” అని చాలా రోజులు అడిగారు.

ఆ ఉదయం చివరికి బడికే వెళ్ళాను. ఖననానికి ఏడో తరగతి పిల్లలు వస్తామన్నారు. ఇళ్ళల్లో అడిగి తీసుకెళ్ళాం. మగపిల్లలు పెద్దల వెంట శ్మశానవాటిక లోపలికి వెళ్ళారు. ఆ వాడలో ఆడవాళ్ళు లోపలికి వెళ్ళే అలవాటు లేదని ఎవరో చెప్పగా, ఆడపిల్లలతో నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఈ ఏడాది పాఠం సగంలో ఉందని, మిగతాది నన్ను చెప్పమని హెడ్‌మిస్ట్రెస్ మెల్లగా అన్నారు.

“మేడమ్, ఆడోళ్ళు ఎందుకు పోకూడదు? అందరి ఇండ్లల్లో ఇట్లేనా?” ఒక పిల్ల నా చెయ్యి లాగింది.

“తెలీదమ్మా,” అన్నాను. “కనుక్కుందాం.”

లోపలి నుంచి మగపిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఏం చేశారని ఆడపిల్లలు చుట్టుముట్టారు. మగపిల్లలు, సార్ గోతిలో పిడికెడేసి వేసిన ఎర్రమట్టి అంటిన అరచేతులు చాచి నిలబడ్డారు. తలలు దగ్గరకు చేర్చి అందరూ ఆ చేతులకేసే చూస్తున్నారు.