అమ్మ పొయ్యి ఊదిన చోటు

మొన్న మా చిన్నాయన జ్ఞాపకార్థం వేసిన సంచికను మనవరాలు తెచ్చి చేతిలో పెట్టింది. నాటకాలకూ సినిమాలకూ బాణీలు కట్టి అవార్డులు తెచ్చుకున్న మనిషి గనుక పొగడ్తలకు కొదవలేదు. అరవయ్యో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని, కూడబలుక్కుంటూ చదివాను. మొదటి అవార్డు తెచ్చిన పాట దగ్గర 'జానపదం' అని ఉంది. ఎవరు కట్టారో తెలియని పాట అని అర్థమట. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ పాట కట్టింది మా అమ్మ. ఆమె కెలికిన సంగటి తిని పెరిగిన మరిదికి ఆమె పేరు తెలియదా?

అరవైల మొదట్లో చింతామణి దగ్గర మా ఇంట్లో పట్టుగూళ్ళు ఉడకబెట్టి పట్టునూలు తీసేవాళ్ళం. అప్పట్లో చిన్నాయన చిక్కబళ్ళాపురం వైపు ఊళ్ళలో నాటకాలు నేర్పే హార్మోనియం మేష్టరు. ఇంటికొస్తే గూళ్ళ కంపుకు పైగుడ్డతో ముక్కు మూసుకుని, పాట కోసం మాత్రం పొయ్యి పక్కనే కూర్చునేవాడు.

"వదినా, ఇది యాడ నేర్చుకుంటివి?"

"నేర్చేదానికి నాకు పొద్దు యాడుండాదప్పా? చేతులు కాల్తాంటే నోటికొచ్చింది. ముక్కు మూసుకోని వింటాండావే, పాట గూడా కంపు కొడతాందా?"

పల్లవి మధ్యలో అమ్మ ఆగేది. మంట తగ్గితే ఊదుగొట్టంతో ఊదడానికి ఆగడం అది; పాడగా పాడగా ఒకేచోట కుదురుకుంది.

కొన్నేళ్ళకు బాగేపల్లి టెంటు సినిమాలో ఆ పాట విన్నాం. మద్రాసు సినిమాల్లో చేరిన చిన్నాయన ఆ ఆగడంతో సహా దించేశాడు. అమ్మ పడీపడీ నవ్వింది.

"నా పొయ్యిని గూడా మద్రాసుకు ఎత్తుకుపోయినాడే!"

ఆ ఆగడాన్నే సంచికలో ఎవరో పెద్దమనిషి చిన్నాయన ప్రతిభ అని పేజీ నిండా పొగిడాడు.

ఆ సినిమా పాటల పుస్తకం కొనుక్కొచ్చాక, అమ్మ ఆ పాట ఉన్న పేజీ నా ముందు పెట్టి, "ఈడ నా పేరుండాదా?" అంది. ఇద్దరికీ చదువు రాదు. పాట పైన లావుపాటి అక్షరాలతో ఒక మాట కనిపించింది. "ఇదేమ్మా, నీ పేరే" అన్నాను. అమ్మ ఆ మాటకు కుంకుమ బొట్టు పెట్టి, పుస్తకాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది. పోయేదాకా అదే నమ్మింది.

సంచిక మూసి ఆ పాత పుస్తకం తీశాను. మాసిన బొట్టు కింద ఉన్నదీ అదే మాట, జానపదం.

ఇప్పుడు మా వైపు పట్టునూలును మిషన్లే తీస్తున్నాయి, పొయ్యి ఊదేవాళ్ళు లేరు. పాట మాత్రం రేడియోలో ఇంకా అక్కడే ఆగుతుంది. చిన్నాయన మీద కోపం చల్లారేది కాదు. చదవడం రాకుండానే చదివి చెప్పిన నా నోటి మీదా చల్లారదు. పాత పుస్తకంలో ఆ మాటను కొట్టేసి, పక్కన నా వంకర అక్షరాలతో రాశాను: నరసమ్మ.